మన వీధుల క్రింది నీటి గొట్టములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయ రజతోత్సవమునకు నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పుమని కోరినందులకు కార్యవర్గమువారికి నా వందనములు. ఇట్టి సభలలో కవులను గూర్చియు, కావ్యములను గూర్చియు మాటలాడుట వాడుక. నేను నీటి పనులలో జీవితము గడపినవాడను. కావ్యములను గూర్చి నాకంటె బాగుగ చెప్పగలవారు ఈ వేదికపైననే కలరు. కావున ఈ గ్రామమున ప్రతి యింటికిని సంబంధించినదియు, ఎవ్వరి కంటికిని కనబడనిదియు నైన యొక విషయమును మీ ముందుంచెదను. అది మన వీధుల క్రింద పూడ్చియున్న మంచినీటి గొట్టముల సంగతి.

గ్రంథాలయ సభలో గొట్టముల మాట యేల యని మీకు తోచవచ్చును. కాని ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకును నీటికిని పాత చుట్టరికము కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపి, ఒడ్డున నున్న పల్లెలకు పుస్తకములు చేర్చిరి. చదువు పట్టణమున నిలిచిపోరాదు, ప్రతివాని గడపకును రావలెనని వారి సంకల్పము. మంచినీటి గొట్టము వేసినవారి సంకల్పమును అదియే. చెరువుగట్టుదాక నడచి బిందె మోసికొని రానక్కరలేకుండ, నీరే యింటికి రావలెనని వారు తలచిరి. పుస్తకమునకును గొట్టమునకును ఒకే భేదము కలదు. పుస్తకము చినిగినచో చేతిలోనే కనబడును. గ్రంథపాలకుడు వెంటనే అట్ట వేయించును. గొట్టము చివికినచో ఎవ్వరికిని కనబడదు. దానిని మనము జబ్బు వచ్చిన పిమ్మటనే తలచుకొందుము.

మనుష్యునకు వయస్సు వచ్చినచో గౌరవము పెరుగును. సంస్థకు వయస్సు వచ్చినచో ఉత్సవము చేయుదుము. గొట్టమునకు వయస్సు వచ్చినచో మాత్రము చేయదగినది యొక్కటే: దాని స్థానమున క్రొత్తదానిని వేయుట. ఈ మాట వినుటకు సులువుగ నున్నను, ఆచరణలో ఎన్ని చిక్కులున్నవో, అవి యెట్లు తీరునో చెప్పుటయే నేటి నా ప్రయత్నము.

మొదట మన నీరు ఎట్లు వచ్చుచున్నదో స్మరింతము. డెల్టా గ్రామములకు కాలువయే ఆధారము. కాలువ పారుచున్న దినములలో మంచినీటి చెరువు నింపుకొందుము. కాలువలు కట్టివేసిన వేసవిలో ఆ చెరువే మన ప్రాణము. చెరువునీరు ఇసుక ఫిల్టరులోనికి పోయి, అచ్చట వడగట్టబడి, క్లోరిను కలుపుకొని, ఎత్తైన ట్యాంకునకెక్కి, అచ్చటినుండి గొట్టముల ద్వారమున కుళాయికి వచ్చును. ఇసుకతో ఊరి నీటిని వడగట్టు పద్ధతి 1804లో స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున ఆరంభమైనది. 1829లో లండనునకు వచ్చినది. దాని మహిమ 1892లో జర్మనీలో లోకమునకు తెలిసెను. ఎల్బే నది యొడ్డున హాంబర్గు, ఆల్టోనా యను రెండు నగరములు ఆనుకొనియున్నవి. హాంబర్గు నదినీటిని వడగట్టకయే త్రాగెను. ఆల్టోనా, హాంబర్గు మురుగు కలిసిన దిగువ నీటినే తీసికొన్నను, వడగట్టి త్రాగెను. ఆ యేట కలరా వచ్చినప్పుడు హాంబర్గున 8,000 మందికి మించి మరణించిరి. ఆల్టోనాలో నష్టము మిక్కిలి స్వల్పము. రెండు నగరములకును సరిహద్దైన వీధిలో ఒక వైపు ఇండ్లలో కలరా యుండగా, రెండవ వైపు ఇండ్లు క్షేమముగ నుండెను.

ఈ కథ విన్నవారు ఫిల్టరు బాగున్నచో నిశ్చింతగ నుండవచ్చునని తలతురు. అది సగము నిజము. ఫిల్టరు రక్షణ ట్యాంకుతో ముగియును. ట్యాంకునుండి కుళాయివరకు నీటిని కాపాడవలసినది గొట్టమే. ఆ దారి చెడినచో పైన చేసిన పని యంతయు వ్యర్థము. హైదరాబాదు నగరమున భోలక్‌పూరు అను వాడలో 2009 మే నెలలో కుళాయినీరు కలుషితమై పలువురు మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. 2018 మార్చిలో గుంటూరు నగరపు తూర్పు వాడలలో గొట్టములలోనికి మురుగు చేరి అతిసారము వ్యాపించెను. అచ్చటను ప్రాణములు పోయెను. ఈ రెండు చోట్లను నది చెడలేదు. పూర్తి నగరము జబ్బుపడలేదు. కొన్ని వీధులే జబ్బుపడెను. జబ్బు వీధిని బట్టి వచ్చినదనగా, దోషము ఆ వీధి గొట్టముననే వెదకవలెను.

లోపలినుండి నీరు బయటికి కారు చిల్లులో, బయటి మురుగు లోపలికి ఎట్లు పోవునని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. గొట్టమునిండ నీరు ఒత్తిడితో నున్నంతసేపు మురుగు లోపలికి రాలేదు. ఇరువదినాలుగు గంటలును నీరుండు ఊళ్ళలో ఇదియే రక్ష. కాని మన ఊళ్ళలో ఉదయము ఒక గంట, సాయంకాలము ఒక గంట నీరు వదలుట వాడుక. వాల్వు కట్టివేసిన తరువాత పల్లమునందున్న కుళాయిలనుండి నీరు దిగిపోవును. గొట్టము ఖాళీయగుచు, లోపల గాలి ఒత్తిడి తగ్గి, నోటితో పీల్చినట్లు చుట్టునున్న తడిని లోనికి లాగుకొనును. గొట్టము ప్రక్కన మురుగు కాలువ యున్నచో, ఆ తడి యేమో చెప్పనక్కరలేదు. మరునాటి ఉదయము మొదట వచ్చు నీరు ఆ మురుగును మోసికొని వచ్చును. కుళాయి తిప్పిన వెంటనే రంగునీరును, వాసనయు, తరువాత తేటనీరును వచ్చుచున్నచో, అది గొట్టము మనకు చెప్పుచున్న మాట. దానిని వినవలెను.

కొందరు కుళాయికి నేరుగ మోటారు బిగించి నీటిని లాగుకొందురు. తమ యింటికి నాలుగు బిందెలు ఎక్కువ వచ్చినవని వారికి సంతోషము. కాని ఆ మోటారు ట్యాంకులోని నీటితోపాటు వీధిలోని చిల్లులన్నిటి నుండియు మురుగును లాగుచున్నది. ఆ నీరు మొదట చేరునది ఆ మోటారు గల యింటికే. పొరుగువానికి నీరు లేకుండ చేయుట అన్యాయము. తన బిడ్డలకు మురుగు త్రాగించుట అవివేకము. మోటారు వేయదలచినవారు నేలలో తొట్టి కట్టుకొని, కుళాయినీటిని దానంతట దానిని తొట్టిలో పడనిచ్చి, తొట్టినుండి పైకి ఎక్కించుకొనవచ్చును. అందువలన ఎవ్వరికిని హాని లేదు.

గొట్టములు ఏల ముసలివగును? వాని జాతిని బట్టి వాని రోగము. పోత ఇనుప గొట్టములు దీర్ఘాయువులు. ఫ్రాన్సు దేశమున వేర్సేల్సు రాజప్రాసాదమునకు 17వ శతాబ్దమున వేసిన పోత ఇనుప గొట్టములు మూడు వందల యేండ్లకు మించి పనిచేసెను. కాని అవి పెళుసువి. నేల క్రుంగినను, పైన బరువైన లారీ తిరిగినను విరుగును. ఇండ్లకు తెచ్చుకొను జస్తుపూత ఇనుప గొట్టములు, అనగా మనము జి.ఐ. పైపులనునవి, పూత యున్నంతకాలమే బలము; తడినేలలో పూత పోయిన చోటనెల్ల తుప్పు పట్టి జల్లెడయగును. ఆస్బెస్టాసు సిమెంటు గొట్టములు చౌకయని ఒకప్పుడు విరివిగ వేసిరి. మెత్తని నీరు వానిలోని సున్నమును క్రమముగ కరగించును. గోడ పలుచనై పగులును. వానిని రంపముతో పొడిగ కోసినచో లేచు ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరము. కావున కోయక తప్పనిచోట తడిపి కోయవలెను, లేదా నేలలోననే విడిచి ప్రక్కన క్రొత్తవి వేయవలెను. ఇక పి.వి.సి. గొట్టములకు తుప్పు లేదు గాని, ఎండ పనికిరాదు. లోతు చాలక పైకి తేలినను, అడుగున ఇసుక వేయక రాళ్ళమీద పరచినను, అతుకులు తొందరలో బిగించినను అవి పగులును. గొట్టముయొక్క ఆయుర్దాయము సగము కార్ఖానాలోను, సగము గోతిలోను నిర్ణయమగునని మా వృత్తివారు గ్రహించిన సత్యము.

చివికిన గొట్టము వలన జబ్బు మాత్రమే గాక నీటి నష్టమును కలదు. ఒక చిల్లునుండి నిమిషమునకొక లీటరు కారుచున్నదనుకొందము. అది పెద్ద చిల్లుగాదు, ఎవ్వరును పట్టించుకొనరు. దినమునకు రెండు గంటలే నీరు వదలినను 120 లీటర్లు పోవును. పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్లు ఈయవలెనని ప్రభుత్వము పెట్టుకొన్న లెక్క. అనగా ఆ చిల్లు ఇద్దరి నీటిని త్రాగివేయుచున్నది. అట్టివి వీధికి పది యున్నచో, ఇరువదిమందికి పైగా జనులకు చాలు నీరు నేలపాలగుచున్నది. లోపల తుప్పుకట్టిన గొట్టము సంగతియు ఇట్టిదే. దాని లోపలి వ్యాసము సగమైనచో నీరు సగము వచ్చునని తోచును. నిజమునకు ఇంచుమించు ఆరవ వంతే వచ్చును. వీధి మొదట నున్నవారికి ఈ సంగతి తెలియదు. వీధి చివర నున్నవారికే తెలియును.

ఈ మాటలు చెప్పినప్పుడెల్ల ఒక సమాధానము వినబడుచుండును: “ఎక్కడ కారితే అక్కడ కట్టు కట్టుచునే యున్నాము గదా!” యని. రబ్బరు ముక్క చుట్టి తీగ బిగించుట అత్యవసరమునకు తప్పదు. కాని ఒకే వీధిలో ఏటికి రెండుమూడు మార్లు కట్టు కట్టుచున్నచో, అది మరమ్మతు గాదు. గొట్టముయొక్క ఆయువు తీరినదను సూచన. పంచె చిరిగినచో ఒక మాసిక వేయుదుము. మాసికమీద మాసిక వేసి, బట్టకంటె మాసికలు ఎక్కువైన నాడు క్రొత్త పంచె కొనుక్కొందుము. ప్రతి మరమ్మతుకును అయిన కూలియు, సామానును, పోయిన నీటిని, ఆసుపత్రికి పెట్టిన రూకలను కలిపి చూచినచో, పాత గొట్టమే ఖరీదైనదని తేలును.

పూర్వులు వేసినదానిని మార్చుట వారిని అగౌరవపరచుట గాదు. మన కండ్ల యెదుటనే నిదర్శనము కలదు. కృష్ణపై 1855లో పూర్తియైన ఆనకట్ట నూరేండ్లపాటు ఈ డెల్టాకు అన్నము పెట్టినది. 1952లో దానికి గండి పడెను. పెద్దలు మరమ్మతుతో సరిపెట్టుకొనక, 1957నాటికి ప్రకాశం బారేజిని నిర్మించిరి. గోదావరిపై 1852నాటి ధవళేశ్వరపు ఆనకట్టకు బదులు 1982నాటికి క్రొత్త బారేజిని కట్టి, దానికి కాటను దొర పేరే పెట్టిరి. పాత కట్టడమును మార్చియు, కట్టినవాని కీర్తిని నిలుపవచ్చునని ఆ పేరే చెప్పుచున్నది.

గొట్టములను మార్చునప్పుడు వచ్చు చిక్కులలో మొదటిది ధనము కాదు, జ్ఞాపకము. నేల క్రింద ఎచ్చట, ఏ జాతి గొట్టమున్నదో తెలియక చేయు త్రవ్వకము చీకటిలో బాణము వేయుట వంటిది. ఈ సంగతిని తెలుపుటకు అమెరికా దేశమున జరిగినదాని నొకదానిని చెప్పెదను. మిచిగను రాష్ట్రమున ఫ్లింటు అను నగరము కలదు. 2014 ఏప్రిలులో ఖర్చు తగ్గించుకొనుటకై అచ్చటివారు అంతవరకు డెట్రాయిటునుండి వచ్చుచున్న నీటిని మాని, ఫ్లింటు నది నీటిని ఇచ్చిరి. గొట్టముల తుప్పును ఆపు మందును దానికి కలుపలేదు. ఆ ఊరిలో వీధి గొట్టమునుండి ఇండ్లకు పోవునవి వేలకొలది సీసపు గొట్టములు. వాని లోపలి పూత చెడి, సీసము నీటిలోనికి దిగెను. సీసము చంటిబిడ్డల మెదడునకు తీరని హాని చేయు విషము. 2015 అక్టోబరులో మరల పాత నీటికే మారిరి. కాని చెడిన గొట్టములు నేలలోననే యుండెను.

అప్పుడు వానిని మార్చ నిశ్చయించిరి. ఏ యింటికి సీసపు గొట్టమున్నది? నగర కార్యాలయమున వెదకగా సుమారు 45,000 చిన్న కార్డులు దొరికెను. పెన్సిలు వ్రాతలు చెరిగిపోయి, కొన్ని చదువ వీలులేక, కొన్ని నిజముతో పొసగక యుండెను. పండితులు కొందరు ఇండ్ల వయస్సును, తెలిసిన వివరములను గణితయంత్రమున కెక్కించి, ఏ యింటివద్ద త్రవ్వవలెనో సూచించిరి. 2017లో ఆ సూచనలను అనుసరించినంతకాలము త్రవ్విన చోట్లలో ఎక్కువ భాగము చెడ్డ గొట్టములే దొరికెను. 2018లో దానిని విడిచి త్రవ్వగా, నూటికి సుమారు 15 చోట్లనే దొరికెను. మిగిలిన గోతులన్నియు మంచి గొట్టములను చూచి మరల పూడ్చినవే. ఆ పని 2025నాటికిగాని ముగియలేదు. ధనవంతమైన దేశమున, యంత్రములు గల నగరమున, కొన్ని కార్డులు సరిగ వ్రాసియుంచని లోపమునకు అంత కాలమును, అంత ధనమును వ్యయమయ్యెను.

అదే దేశమున మాడిసను అను మరియొక నగరము ముందుచూపుతో నడచెను. అచ్చట పెద్ద యుపద్రవము వచ్చువరకు వేచియుండక, 2001లో ఆరంభించి పదియేండ్లకు పైగా శ్రమించి సుమారు 8,000 సీసపు గొట్టములను తీసివేసిరి. వారు గ్రహించిన ముఖ్యమైన విషయ మొకటి కలదు. వీధినుండి ఇంటి హద్దువరకు గొట్టము ఊరిది. హద్దునుండి లోపలిది ఇంటివానిది. ఊరి భాగము మార్చి ఇంటి భాగము విడిచినచో రోగము నిలిచియే యుండును. కావున రెండును ఒకేసారి మార్చవలెనని శాసించి, ఇంటివాని ఖర్చులో సగము, 1,000 డాలర్లకు మించకుండ, నగరమే భరించెను.

మన పల్లెలలో సాధారణముగ కనబడునవి ఇనుము, సిమెంటు, ప్లాస్టికు గొట్టములు. సీసము కథ మనది కాకపోవచ్చును. పాఠము మాత్రము మనదే. మన వీధులలో పెద్ద గొట్టము కొంత బాగున్నను, దానినుండి ఇండ్లకు పోవు అర అంగుళపు పైపులు మురుగు కాలువను దాటుచు, కొన్నిచోట్ల కాలువలోననే మునిగి పోవుచుండును. ఎక్కువ ప్రమాదము ఆ నాలుగు అడుగులలోననే యున్నది. పెద్ద గొట్టము మార్చి, దానికి పాత తుప్పు పైపులనే మరల తగిలించినచో, క్రొత్త కుండకు పాత చిల్లు పెట్టినట్లగును.

ఇక ఒక పేటలో ఈ పని ఎట్లు జరుగవలెనో సంగ్రహముగ చెప్పెదను. పని చేయించువారు మీరే గనుక ఇది మీరందరు ఎరిగియుండుట మంచిది. క్రొత్త గొట్టమును పాతదాని గోతిలో వేయరాదు. మురుగు కాలువకు దూరముగ, వీధికి రెండవ వైపున వేయవలెను. పని ముగియువరకు పాత గొట్టము నీరిచ్చుచుండును. జనులకు ఇబ్బంది యుండదు. మురుగునకును మంచినీటికిని 3 మీటర్ల ఎడముండవలెనని నియమము. ఇరుకు వీధులలో అంత ఎడము దొరకనిచో, మంచినీటి గొట్టము మురుగు కంటె ఎత్తున పోవునట్లును, కాలువను దాటుచోట మరియొక పెద్ద గొట్టములో దూరి పోవునట్లును చేయవలెను. పైన సుమారు ఒక మీటరు మన్ను ఉండవలెను. అడుగున ఇసుక పరచవలెను. కొను గొట్టముపై భారతీయ ప్రమాణముల ముద్ర చూచుకొనవలెను, పి.వి.సి. గొట్టములలో సీసపు మిశ్రమము వాడకూడదని 2021లో నిబంధనలు వెలువడినవి.

గొట్టము వేసిన వెంటనే పూడ్చరాదు. నీటితో నింపి, వాడుకలో నుండు ఒత్తిడికంటె ఎక్కువ ఒత్తిడి పెట్టి, అతుకులు ఊరుచున్నవేమో చూడవలెను. గుత్తేదారు చీకటి పడకముందే పూడ్చివేయ తొందరపడినచో, గ్రామపెద్దలు గోతివద్ద నిలువవలెను. పూడ్చిన పిమ్మట ఎవ్వరును చూడలేరు. తరువాత బ్లీచింగు పొడి కలిపిన నీటితో నింపి ఒక దినముంచి, కడిగివేసి, నీటిని పరీక్షింపవలెను. ఇండ్ల కుళాయిలన్నిటిని క్రొత్త గొట్టమునకు మార్చిన పిదప, పాత గొట్టమును రెండు కొనలయందును కోసి మూసివేయవలెను. దీనిని మరచినచో, పాత గొట్టములోని మురుగు ఏదో యొక మూలనుండి క్రొత్తదానిలో కలియుచునే యుండును.

మరియొక మాట. మన గ్రామములలో సిమెంటు రోడ్డు వేయుట సంతోషకరము. కాని రోడ్డు వేసిన మరునాడు గొట్టము కొరకు దానిని కోయుట ఎన్నియో చోట్ల చూచుచున్నాము. నేల క్రింది పని ముందు, నేల మీది పని తరువాత. గొట్టము, ఆపైన మురుగు కాలువ, చివరకు రోడ్డు: ఈ వరుస తప్పినచో ఒకే వీధికి రెండుమార్లు ధనము పోయవలసివచ్చును. రోడ్డు మంజూరైన ప్రతి వీధిలోను, “దీని క్రింది గొట్టము వయస్సెంత?” యని పంచాయతీ సభలో ఎవ్వరో యొకరు లేచి అడుగవలెను.

“మేము డబ్బా నీరు కొనుక్కొనుచున్నాము; కుళాయితో మాకు పనిలేదు” అనువారును కలరు. వారు కొనునది త్రాగు నీరు మాత్రమే. పళ్ళు తోముకొనునది, గిన్నెలు కడుగునది, కూరలు కడుగునది, బిడ్డకు స్నానము చేయించునది కుళాయినీటితోనే. డబ్బా కొనలేని యిల్లాలు ఆ నీటినే త్రాగును. సాధారణముగ గొట్టము చివర, పల్లములో, మురుగు నిలుచు చోట నుండునవి పేదల ఇండ్లు. ఎగువ వీధులవారికి మొదటి నీరును, దిగువ పేటవారికి మిగిలిన నీరును చేరుచున్నవి. ఒక ఊరికి నీటి సదుపాయము కలదో లేదో తెలిసికొనవలెనన్నచో, ట్యాంకును చూచి చెప్పరాదు. చివరి కుళాయిని అడుగవలెను. కావున మార్పు దిగువ పేటనుండి ఆరంభించి ఎగువకు రావలెనని నా గట్టి అభిప్రాయము. నీరు పైనుండి క్రిందికి పారును. న్యాయము క్రిందినుండి పైకి రావలెను.

ఈ బాధ్యత ఎవ్వరిది? 1992నాటి 73వ రాజ్యాంగ సవరణము త్రాగునీటిని పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. 2019లో ఆరంభమైన జలజీవన పథకము ఇంటింటికి కుళాయిని లక్ష్యముగ పెట్టుకొని, గ్రామమున నీటిని పరీక్షించుటకు ఐదుగురు స్త్రీలకు శిక్షణ ఈయవలెనని చెప్పినది. చివరి కుళాయివద్ద క్లోరిను లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గక మిగిలియుండవలెనని ప్రమాణము. చిన్న పరికరముతో, రంగును బట్టి, నిమిషములలో దీనిని చూడవచ్చును. ట్యాంకువద్ద క్లోరిను ఉండి, వీధి చివర లేదనగా, మధ్యలో దేనినో కడుగుటకు అది వ్యయమైపోయినదన్నమాట. ఏ వీధి గొట్టము ముందుగా మార్చవలెనో ఈ చిన్న పరీక్షయే చెప్పగలదు. దానిని చేయుటకు ఇంజనీరు రానక్కరలేదు; మన యాడబిడ్డలు చాలుదురు.

ఇప్పుడు ఈ గ్రంథాలయమునకు నా విన్నపము. ఇంజనీర్లు బదిలీయగుదురు. పాలకవర్గములు మారును. వాల్వు ఎక్కడ నున్నదో తెలిసిన పంపు ఆపరేటరు ఉద్యోగము విరమించిన నాడు, ఆ జ్ఞానమును అతనితో వెడలిపోవును. ఊరిలో నిలిచియుండి, వ్రాసినదానిని దాచి, అడిగినవారికెల్ల చూపునది గ్రంథాలయ మొక్కటే. కావున ఇచ్చట “గ్రామ నీటి గొట్టముల పుస్తకము” అని యొకటి తెరువవలెనని కోరుచున్నాను. ప్రతి వీధికి ఒక పుట. అందు గొట్టము జాతి, వ్యాసము, వేసిన సంవత్సరము, లోతు, వాల్వులున్న తావులు, మరమ్మతు జరిగిన ప్రతి తేది. కొలతలు చెరిగిపోని గుర్తులనుండి వ్రాయవలెను: గుడి ప్రహరీ మూలనుండి ఇన్ని అడుగులు, బడి గేటునుండి ఇన్ని అడుగులు అని. గోతి తెరచియున్నప్పుడే కొలిచి వ్రాయవలెను. పూడ్చిన పిదప వ్రాసినది ఊహయే. ప్రతులు మూడు: ఒకటి పంచాయతీకి, ఒకటి పంపు ఆపరేటరునకు, ఒకటి ఈ బీరువాకు.

ఈ పనికి ధనము అక్కరలేదు. సెలవు దినములలో విద్యార్థులు టేపు పట్టుకొని వీధులలో తిరిగినచో, వృద్ధులు అరుగులమీద నుండి “ఇచ్చట ఫలానా యేట త్రవ్విరి” అని చెప్పినచో, ఒక వేసవిలో సగము పుస్తకము నిండును. మిగిలిన సగము, త్రవ్వకము జరిగినప్పుడెల్ల నిండుచుండును. గొట్టములు మార్చుటకు ధనము మంజూరైన నాడు, ఆ పుస్తకము చేత పట్టుకొని, మొదట మార్చవలసినది ఈ వీధి, కారణమిది యని చూపగల గ్రామమునకు, తెలియక చేతులు నలుపుకొను గ్రామమునకు ఎంత యంతరమున్నదో మీరే యూహింపుడు.

ఈ ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయము ఎందరికో చదువు రుచి చూపినది. ఇకముందు ఊరి జ్ఞాపకమును గూడ తన బీరువాలో దాచుకొనవలెనని నా యాశ. ఇప్పుడు ఈ సభలో ముందువరుసన కూర్చున్న పిల్లలు పెద్దలగునాటికి, మనము వేయబోవు గొట్టములును ముసలివగును. వానిని మార్చవలసినవారు వారే. వారికి మనము ఈయగలిగినవి రెండు: మార్చిన గొట్టమును, అది యెచ్చట నున్నదో తెలుపు పుస్తకమును. మొదటిది పంచాయతీ చేయవలసినది. రెండవది రేపు ఉదయముననే మనము ఆరంభింపదగినది.